పద్నాలుగు నెలల బిడ్డ, వెనకబడిన ఎడమచేయి: ఏ పరీక్ష ముందు, ఏది తర్వాత

పలమనేరు దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న, క్లుప్తంగా: బాబుకు పద్నాలుగు నెలలు. 34 వారాలకే కాన్పయింది, బరువు 1.9 కిలోలు. పుట్టగానే ఏడవలేదు, కాసేపటికి ఏడ్చాడు. రెండు వారాలు బేబీ యూనిట్‌లో ఉంచారు, కామెర్లకు లైటు కింద పెట్టారు. ఇప్పుడు బాగా కూర్చుంటాడు, పిర్రల మీద జరుగుతాడు గానీ నిలబడడు. ఏది ఇచ్చినా కుడిచేత్తోనే అందుకుంటాడు. ఒక డాక్టరు ఎంఆర్ఐ తీయించమన్నారు, ఇంకొకరు ఈఈజీ (తలకు వైర్లు అతికించి మెదడు విద్యుత్ తరంగాలు చూసే పరీక్ష) రాసి మెదడుకు బలమని సిరప్పు ఇచ్చారు. అత్తగారేమో "వాళ్ల నాయన కూడా రెండేళ్లకు గానీ నడవలేదు, ఊరికే ఆస్పత్రుల చుట్టూ తిప్పొద్దు" అంటున్నారు. దంపతులది మేనరికం. ఏ పరీక్ష ముందు చేయించాలి, ఎక్కడ, వీడు నడుస్తాడా?

అమ్మా, నేను తిరుపతిలో పిల్లల ఎదుగుదల, నరాల సమస్యలు చూసే డాక్టర్ని. బిడ్డను కళ్లతో చూడకుండా జబ్బు పేరు చెప్పను. అయితే మీరు రాసినదాంట్లో ఇంటిల్లిపాదీ పట్టుకున్న విషయం ఒకటి, నా కన్ను పడ్డది ఇంకొకటి. రెండూ విడివిడిగా చెబుతాను.

ముందు నడక సంగతి. నెలలు నిండడమంటే 40 వారాల లెక్క. మీవాడు ఆరు వారాలు ముందొచ్చాడు. రెండేళ్లు నిండేదాకా నెల తక్కువ బిడ్డల ఎదుగుదలను చూసేటప్పుడు ఆ ముందొచ్చిన వారాలను వయసులోంచి తీసేయాలి. అంటే మీవాడికి ఇప్పుడు పద్నాలుగు కాదు, పన్నెండున్నర నెలలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో పాటు ఘనా, నార్వే, ఒమన్, అమెరికా పిల్లలను గమనించి 2006లో ఇచ్చిన లెక్క ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఎవరూ పట్టుకోకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా జరగొచ్చు. పైగా పిర్రల మీద జరిగే పిల్లలు దోగాడే పిల్లల కంటే ఆలస్యంగా నిలబడతారు. ఈ అలవాటు కొన్ని కుటుంబాల్లో వరసగా వస్తుంది కూడా. కాబట్టి నడక వరకూ మీ అత్తగారి మాటను నేను కొట్టిపారేయను. ఒట్టి నడక ఒక్కటే అయితే "ఇంకో మూడు నెలలు ఆగి రండి" అని పంపేసేవాడిని.

నన్ను ఆపింది ఎడమచేయి.

ఏడాదిలోపు పిల్లలకు కుడి ఎడమల వాటం ఉండదు. బొమ్మ ఏ పక్కన ఉంటే ఆ పక్క చేయి చాపుతారు. ఫలానా చేతివాటం అని ఖాయంగా తేలేది రెండు మూడేళ్లకు. అంతకన్నా చాలా ముందే ఒక బిడ్డ "కుడిచేతివాటం" చూపిస్తుంటే మనం అడగాల్సింది కుడిచేయి ఎంత చురుకుగా ఉందని కాదు, ఎడమచేయి ఎందుకు రావడం లేదని. మన ఇళ్లలో దీన్ని పట్టుకోవడం మరీ కష్టం. బిడ్డ ఎడమచేయి చాపితే "ఆ చేత్తో కాదు నాన్నా" అని వెనక్కి లాగి కుడిచేతిలో పెడతాం. అందువల్ల కుడిచేత్తోనే తీసుకునే బిడ్డను చూసి మురిసిపోతాం తప్ప అనుమానించం.

నేర్పిన అలవాటా, చేతిలోనే లోపమా అన్నది ఇంట్లోనే కొంత తేల్చుకోవచ్చు. వాడు హుషారుగా ఉన్న సమయంలో ఒళ్లో కూర్చోబెట్టుకుని, పల్చటి చేతిరుమాలు ముఖం మీద వేయండి. లాగేస్తాడు, ఏ చేత్తో లాగాడో చూడండి. తర్వాత కుడిచేతిని మెల్లగా మీ చేతిలో పట్టుకుని మళ్లీ రుమాలు వేయండి. మామూలు బిడ్డ ఎడమచేత్తో టక్కున లాగేస్తాడు. ఇబ్బంది ఉన్న బిడ్డ తల అటూ ఇటూ ఆడిస్తాడు, చిరాకు పడతాడు, కుడిచేయి విడిపించుకోవాలని చూస్తాడు, లేదా ఎడమచేయి సగం దాకా లేచి ఆగిపోతుంది. రుమాలు ముక్కు మూసేలా ఎక్కువసేపు ఉంచకండి, రెండు మూడు క్షణాలు చాలు. ఇంకోటి: నేల మీద నాలుగు బొరుగులు చల్లి, ఒకసారి కుడి పక్కన, ఒకసారి ఎడమ పక్కన పెట్టండి. ఈ వయసుకు బొటనవేలూ చూపుడువేలూ కొనలు కలిపి బొరుగును ఏరుకోవాలి. ఎడమచేత్తో అరచేయంతా పెట్టి గీరుతున్నాడా, అసలు ఆ పక్కకు ఒళ్లంతా తిప్పి కుడిచేత్తోనే అందుకుంటున్నాడా? మూడోది పెద్ద బంతి. రెండు చేతులూ పెడితే గానీ ఎత్తలేనంతది ఇచ్చి చూడండి. ఇవన్నీ ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి. ఓపీ గదిలో కొత్త మనుషులను చూసి ఏడ్చే బిడ్డ దగ్గర నాకు దొరకని విషయం ఆ అర నిమిషం వీడియోలో దొరుకుతుంది.

స్నానం చేయించేటప్పుడు ఎడమ గుప్పిట తెరిచి కడగడం కుడిదానికన్నా కష్టంగా ఉందా, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుని ఉంటుందా, డైపర్ మార్చేటప్పుడు ఎడమ తొడ బిగుసుకుంటుందా, గమనించండి. ఎంతోమంది తల్లులు ఇవి ముందే చూసి ఉంటారు, ఎవరూ అడగరు కాబట్టి చెప్పరు.

ఇక అసలు పరీక్ష. మెదడు పనితీరు చూడటమంటే స్కానింగ్ అని జనంలో స్థిరపడిపోయింది. స్కాను మెదడు ఆకారాన్ని చూపిస్తుంది. ఆ మెదడు ఏం చేయగలుగుతోందో బిడ్డ చేతులూ కాళ్లూ కళ్లూ చూపిస్తాయి. అందుకే వరస ఇది: బిడ్డ కథ, ఆ తర్వాత బిడ్డను చూడటం, ఆ రెండింట్లోంచి ఒక ప్రశ్న పుట్టాక దానికి తగిన పరీక్ష. ఈ వరస తిరగబడితే ఏమవుతుందంటే, స్కాను నార్మల్ అని వస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, చేయి మాత్రం అలాగే ఉంటుంది. సెరెబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు కష్టమయ్యే స్థితి) ఉన్న పిల్లల్లో సుమారు పదిమందిలో ఒకరికి ఎంఆర్ఐ మామూలుగానే వస్తుంది.

కథ అంటే డిశ్చార్జ్ సమ్మరీ. బేబీ యూనిట్‌ వాళ్లిచ్చిన ఆ కాగితం దొరకకపోతే ఆస్పత్రికి వెళ్లి నకలు అడిగి తెచ్చుకోండి. నాకు అందులో కావాల్సినవి: పుట్టాక ఎంతసేపటికి ఏడ్చాడు, సంచీతో గాలి కొట్టారా, ఆప్గార్ మార్కులెన్ని (పుట్టగానే బిడ్డ పరిస్థితి చూసి వేసే మార్కులు; వర్జీనియా ఆప్గార్ అనే మత్తు డాక్టరు 1953లో ప్రచురించిన పద్ధతి, ఇప్పటికీ ప్రతి కాన్పు గదిలో వాడేది), మొదటి మూడు రోజుల్లో ఫిట్స్ వచ్చాయా, రక్తంలో చక్కెర పడిపోయిందా, కామెర్లు ఎంతదాకా వెళ్లాయి, తలకు అల్ట్రాసౌండ్ తీశారా. చక్కెర సంగతి చాలామంది పట్టించుకోరు. పుట్టిన కొత్తలో చక్కెర బాగా పడిపోతే మెదడు వెనక భాగం, అంటే చూపుకు సంబంధించిన చోటు, ఎక్కువగా దెబ్బతింటుంది. అలాంటి పిల్లలు తర్వాత ఫిట్స్‌తో వస్తారు. తీవ్రమైన కామెర్లయితే వినికిడీ, కండరాల అదుపూ దెబ్బతింటాయి.

ఇక్కడ ఒక పక్కమాట. మీరు అడగకపోయినా ఈ కథ చదివిన చుట్టాలు అంటారు, "కాన్పు చేసినోళ్లు ఆలస్యం చేశారు, అందుకే" అని. లండన్ ఎముకల డాక్టరు విలియం లిటిల్ 1861లో కష్టమైన కాన్పుకూ బిగుసుకునే కాళ్లకూ ముడి పెట్టాడు. మనస్తత్వ శాస్త్రంతో పేరొచ్చిన సిగ్మండ్ ఫ్రాయిడ్ మొదట్లో పిల్లల నరాల డాక్టరే. ఆయన 1897లో దీన్ని తిరగేసి అడిగాడు: బిడ్డ మెదడులో అప్పటికే ఇబ్బంది ఉండటం వల్లే కాన్పు కష్టమై ఉండొచ్చు కదా అని. రెండూ నిజమయ్యే సందర్భాలున్నాయి. కడుపులో ఉండగానే రక్తనాళం మూసుకుపోయి ఒకవైపు మెదడు దెబ్బతినొచ్చు, నెల తక్కువ బిడ్డల్లో మెదడు లోపలి తెల్లపదార్థం సున్నితంగా ఉండి దెబ్బతినొచ్చు. ఎవరి తప్పో తేలాకే వైద్యం మొదలుపెడదామంటే బిడ్డకు రోజులు వృథా.

గదిలో నేనేం చేస్తానో చెబితే మీకు భయం తగ్గుతుంది. సూదులుండవు. మొదటి పది నిమిషాలు బిడ్డను ముట్టుకోను. చాప మీద మీ ముందు కూర్చోబెట్టి, మీతో మాట్లాడుతూ వాణ్ని గమనిస్తాను. మిమ్మల్ని చూసి నవ్వుతున్నాడా, పిలిస్తే తిరుగుతున్నాడా, పక్కకు ఒరిగితే ఏ చేయి నేలకు ఆనిస్తున్నాడు. ఆ తర్వాత టేపు. సాగని టేపుతో కనుబొమల పైనుంచి తల వెనక అన్నిటికన్నా ఉబ్బెత్తుగా ఉన్న చోటు మీదుగా చుట్టుకొలత. నెలలు నిండి పుట్టిన బిడ్డకు పుట్టినప్పుడు 33 నుంచి 35 సెంటీమీటర్లు, ఏడాదికి సుమారు 45, 46. ఒక్క కొలతకన్నా నెలనెలా కొలతలు ఎలా పెరిగాయన్నది ముఖ్యం, కాబట్టి టీకాల కార్డు తప్పక తెండి. తిరుమలలో తలనీలాలిచ్చి నేరుగా ఓపీకి వచ్చే పిల్లలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. కొలత కచ్చితంగా వస్తుంది, పుర్రె ఆకారం, మాడు, అతుకులు అన్నీ కనబడతాయి. ఆ పైన బట్టలన్నీ విప్పి వెలుతురులో చర్మం చూస్తాను. ఆకు ఆకారంలో తెల్లమచ్చలో, కాఫీ రంగు మచ్చలు ఆరు అంతకన్నా ఎక్కువో ఉంటే అవి మెదడుకు సంబంధించిన వేరే జబ్బులకు గుర్తులు. చర్మం, మెదడు గర్భంలో ఒకే పొర నుంచి పుడతాయి.

తర్వాత బిగువు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పొట్ట వైపు వంచి, మోకాలు చాపి ఎంత కోణం తెరుచుకుంటుందో చూస్తాను, కుడికీ ఎడమకీ. పాదాన్ని చటుక్కున పైకి వంచితే టకటకా కొట్టుకుంటుందా చూస్తాను. సుత్తితో మోకాలి రిఫ్లెక్సు. ఆఖర్లో మీకు గుండె ఝల్లుమనే పరీక్ష ఒకటుంది: బిడ్డను నడుము దగ్గర పట్టుకుని గాల్లో బోర్లా ఎత్తి, బల్ల వైపు వేగంగా తల దించుతాను. ఎనిమిది తొమ్మిది నెలల నుంచీ పిల్లలు పడబోతున్నామని రెండు చేతులూ ముందుకు చాపి అరచేతులు విప్పుతారు. దీన్ని పారాచూట్ రిఫ్లెక్స్ అంటారు. ఒకవైపు ఇబ్బంది ఉన్న బిడ్డకు ఒక చేయి చాపుకుంటుంది, రెండోది మోచేతి దగ్గర ముడుచుకుని గుప్పిట మూసే ఉంటుంది. నడక రాని బిడ్డలో చేయి గురించి ఇంత స్పష్టంగా చెప్పే పరీక్ష నాకు ఇంకోటి తెలియదు. దయచేసి ఇంట్లో ప్రయత్నించకండి.

ఇవన్నీ కలిపి మార్కులు వేసే పద్ధతి ఒకటుంది, లండన్‌లోని హామర్‌స్మిత్ ఆస్పత్రి పేరు మీద. రెండు నెలల నుంచి రెండేళ్ల దాకా పిల్లలకు, 26 అంశాలు, మొత్తం 78 మార్కులు, పది పదిహేను నిమిషాల పని. ఏడాది వయసుకు 73 పైన వస్తే మంచి మార్కులే. అయితే మీవాడి విషయంలో మొత్తం మార్కుల్ని నేను అంతగా నమ్మను. ఒకవైపే ఇబ్బంది ఉన్న పిల్లలకు రెండో వైపు చక్కగా ఉంటుంది కాబట్టి మొత్తం బాగానే వచ్చేస్తుంది. ఎన్ని అంశాల్లో కుడికీ ఎడమకీ తేడా వచ్చిందో ఆ లెక్క విడిగా రాయమని అడగండి.

చేతితో పాటు చూపు కూడా చూడాలి. ఒకవైపు మెదడు దెబ్బతిన్న పిల్లల్లో కొందరికి ఎదురుగా ఉన్నవి బాగానే కనబడతాయి గానీ ఎడమ పక్క సగం కనబడదు. ఒకరు ముందు నుంచి నవ్విస్తుంటే, వెనక నుంచి ఇంకొకరు ఎర్రటి బంతిని చప్పుడు లేకుండా పక్కగా ముందుకు తెస్తారు. ఏ పక్క నుంచి వస్తే తల తిప్పుతున్నాడో అదే పరీక్ష. బేబీ యూనిట్‌లో ఉండి, లైటు కింద కూడా ఉన్నాడు కాబట్టి చెవులకు బేరా అనే వినికిడి పరీక్ష చేయించాల్సిందే. "పిలిస్తే పలుకుతాడు కదా" అని వదిలేయొద్దు. నెల తక్కువ బిడ్డ కనుక కంటి డాక్టరు రెటీనా ఒకసారి చూశారో లేదో కాగితాల్లో వెతకండి.

ఇప్పుడు ఎంఆర్ఐ. మీవాడికి అవసరం కావచ్చు. నేను చెప్పినట్టు చూశాక ఎడమచేయి నిజంగా వెనకబడిందని తేలితే నేనూ రాస్తాను. ఎందుకంటే అప్పుడు ప్రశ్న స్పష్టంగా ఉంది: కుడివైపు మెదడులో ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ముందుముందు ఏం కాచుకోవాలి. శరీరం ఎడమ సగాన్ని నడిపేది కుడి మెదడు కదా. స్కాను చీటీ మీద డాక్టరు ఆ ప్రశ్న రాయాలి. "ఎదుగుదల ఆలస్యం" అని ఒక్క ముక్క రాసి పంపితే చదివే రేడియాలజిస్టు ఎక్కడ నిశితంగా చూడాలో తెలియక సాదాసీదాగా రాసి పంపుతారు. సీటీ తొందరగా, చవకగా అవుతుందని ఎవరైనా అంటే, తలకు దెబ్బ, రక్తస్రావం, ఎముక విరగడం, సున్నపు చుక్కలు చూడటానికి సీటీ మంచిదే. మీవాడికి కావాల్సింది అది కాదు, పైగా రేడియేషన్ ఉంటుంది. ఎంఆర్ఐలో రేడియేషన్ లేదు, కానీ ఈ వయసు పిల్లలకు మత్తు కావాలి. మామూలుగా అన్నం, పోతపాలు ఆరు గంటల ముందూ, తల్లిపాలు నాలుగు గంటల ముందూ, నీళ్లు రెండు గంటల ముందూ ఆపమంటారు. మీకు మత్తు డాక్టరు చెప్పిన లెక్కే లెక్క. జలుబు, దగ్గు ఉన్న రోజు మత్తు వద్దు, వాయిదా వేయించుకోండి. పలమనేరు నుంచి తెల్లవారుజామున బయలుదేరి వచ్చేవాళ్లు దారిలో బిడ్డ ఏడుస్తున్నాడని బిస్కెట్ పెట్టేస్తారు, ఆ రోజంతా వృథా అవుతుంది.

రిపోర్టులో "పెరివెంట్రిక్యులర్ ల్యూకోమలేసియా", "గ్లయోసిస్" లాంటి మాటలొస్తే ఫోన్లో వెతుక్కుని రాత్రంతా కూర్చోకండి. మెదడు లోపల నీటి గదుల చుట్టూ పాత గాయం మచ్చ ఉందని దాని అర్థం. ఆ మచ్చ కొత్తగా పెరగదు. బిడ్డ ఎంత నేర్చుకుంటాడన్నది రిపోర్టు చెప్పదు, వాణ్ని పదే పదే చూసేవాళ్లు చెబుతారు. ఈ వయసులో మెదడు తీగలకు పైపొర ఇంకా పూర్తిగా ఏర్పడదు, అందుకే కొన్నిసార్లు రెండేళ్లు దాటాక స్కాను మళ్లీ అడగాల్సి వస్తుంది.

ఈఈజీ గురించి నా అభిప్రాయం వేరు. ఫిట్స్ అనుమానం లేనప్పుడు ఎదుగుదల ఆలస్యానికి ఈఈజీ తీయించడం డబ్బు దండగ. అందులో ఏదో చిన్న తేడా కనబడితే అవసరం లేని మందు కూడా మొదలవుతుంది. కానీ ఇలాంటి మెదడు గాయం ఉన్న పిల్లల్లో దాదాపు మూడోవంతు మందికి ఎప్పుడో ఒకప్పుడు ఫిట్స్ వస్తాయి. కాబట్టి వాటిని గుర్తుపట్టడం మీకు తెలియాలి. ఒక రకం మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడనిది. నిద్ర లేచిన కాసేపటికి బిడ్డ ఉన్నట్టుండి తల ముందుకు వంచి, రెండు చేతులూ ఎగరేసి, సలాం చేసినట్టు ముడుచుకుంటాడు. ఒకటి రెండు సెకన్లే. మళ్లీ మామూలు. పది సెకన్లకు మళ్లీ అదే. ఇలా వరసగా పది, ఇరవై సార్లు. మధ్యలో ఏడుస్తాడు. ఇంట్లోవాళ్లు ఉలిక్కిపడుతున్నాడనో, కడుపులో గాలి అనో అనుకుని గ్రైప్ వాటర్ పోస్తారు, తాయెత్తు కడతారు. దీన్ని మొదట వర్ణించింది విలియం జేమ్స్ వెస్ట్ అనే ఇంగ్లిష్ డాక్టరు, 1841లో. వర్ణించింది తన సొంత కొడుకునే. ఎక్కువగా మూడు నెలల నుంచి ఏడాది లోపు మొదలవుతుంది. నవ్వడం తగ్గిపోతుంది, వచ్చినవి మరిచిపోతారు. ఇది కనబడితే వీడియో తీసి అదే రోజు ఆస్పత్రికి రావాలి, అప్పుడు ఈఈజీ తక్షణం కావాలి. ఈఈజీకి వచ్చే ముందురోజు తలస్నానం చేయించి, నూనె రాయకుండా తీసుకురండి. నూనె ఉంటే వైర్లు అతుక్కోవు.

మామూలు ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. నోట్లో చెంచా, నీళ్లు, చేతిలో తాళాల గుత్తి, ముక్కు దగ్గర ఉల్లిపాయ ఏవీ వద్దు. ఐదు నిమిషాలు దాటితే దగ్గర్లో ఉన్న ఏ ఆస్పత్రికైనా సరే.

రక్తపరీక్షల్లో నేను వదలనివి థైరాయిడ్, రక్తహీనత, బీ12. మూడూ మందుతో సరిచేయగలిగినవి. బీ12 గురించి మీకు కాదు గానీ ఇది చదివే మిగతా తల్లులకు చెప్పాలి. ఏడాది దాకా తల్లిపాలు తప్ప వేరే ఏదీ సరిగా తినని బిడ్డ, తల్లేమో పాలు, పెరుగు కూడా తక్కువ తీసుకునే శాకాహారి, బిడ్డ బొద్దుగానే ఉంటాడు గానీ నీరసంగా చూస్తుంటాడు, నవ్వడం మానేశాడు, జుట్టు పల్చబడి రాగిరంగుకు తిరిగింది, వేళ్ల కణుపులు నల్లబడ్డాయి, చేతులు వణుకుతున్నాయి. ఇదంతా బీ12 లోపం వల్ల కావచ్చు. ఇంజెక్షన్లతో కొన్ని రోజుల్లోనే బిడ్డ ముఖంలో కళ తిరిగొస్తుంది. స్కానుకు పరిగెత్తే ముందు తల్లికీ బిడ్డకూ ఈ పరీక్ష చేయాలి.

మెదడుకు బలమని ఇచ్చిన సిరప్పు ఆపేయమంటారా అని మీరు అడగలేదు, అయినా చెబుతున్నా: పైరాసెటమ్ లాంటి మందులు బిడ్డ చేతికి కదలిక తెస్తాయనడానికి సరైన ఆధారం లేదు. రాసిన డాక్టరుతో మాట్లాడి మానేయొచ్చు. ఆ డబ్బు ఫిజియోథెరపీ బస్సు ఛార్జీలకు పనికొస్తుంది.

మీ ప్రశ్న కింద ఇంకో ఇద్దరు రాశారు, వాళ్లకూ రెండు మాటలు. నాలుగేళ్ల మగబిడ్డ తరచూ పడుతున్నాడు, మెట్లు ఎక్కలేడు, డాక్టరు లివర్ తేడా అన్నారని రాసినాయనకు: వాణ్ని నేల మీద బాసిపట్టు వేసి కూర్చోబెట్టి లేవమనండి. చేతులు నేలకు, తర్వాత మోకాళ్లకు, తొడలకు ఆనించుకుంటూ తన ఒంటి మీద తానే ఎక్కుతున్నట్టు లేస్తే అది కండరాల జబ్బుకు గుర్తు. ముందు చేయించాల్సింది ఎంఆర్ఐ కాదు, సీపీకే అనే చవకైన రక్తపరీక్ష. లివర్ పరీక్షలో చూసే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ కండరాల నుంచి కూడా పెరుగుతాయి, అందుకే లివర్ అని పొరబడుతుంటారు. ఏడేళ్ల పాపకు ఫిట్స్ వచ్చి సీటీలో చిన్న ఉంగరం లాంటి మచ్చ కనబడిందని, "మేము మాంసం ముట్టం, బద్దెపురుగు ఎలా వస్తుంది" అని అడిగినామెకు: పంది మాంసం తింటే వచ్చేది పేగుల్లో పురుగు. మెదడులో మచ్చ వచ్చేది ఆ పురుగు ఉన్న మనిషి మలంలోని గుడ్లు కడగని ఆకుకూరలు, నీళ్లు, చేతుల ద్వారా నోట్లోకి పోతే. అందువల్ల శాకాహారులకూ వస్తుంది. మన ప్రాంతంలో పిల్లల ఫిట్స్‌కు ఇది బాగా తెలిసిన కారణం. దీన్నీ టీబీ గడ్డనూ వేరుగా గుర్తించడంపై వేలూరు సీఎంసీ ఆస్పత్రి న్యూరోసర్జరీ వాళ్లు 1990ల నుంచీ చేసిన పని పెద్దది. ఈ మచ్చల్లో చాలావరకు నెలల్లో కరిగిపోతాయి. బద్దెపురుగుకు వాడే మాత్రలు సొంతంగా కొని వేయకండి. స్టీరాయిడ్ తోడు లేకుండా వేస్తే వాపు పెరగొచ్చు.

మళ్లీ మీ దగ్గరికి. వైద్యం మొదలుపెట్టడానికి స్కాను రిపోర్టు దాకా ఆగనక్కర్లేదు, జబ్బు పేరు కూడా అక్కర్లేదు. ఎడమచేయి పని మొదలుపెట్టాలి. బొరుగులు ఎడమ పక్కనే పెట్టండి. చపాతీ ముద్ద, పెద్ద బంతి, రెండు గిన్నెలు ఒకదానికొకటి కొట్టడం, రెండు చేతులూ లేనిదే కుదరని ఆటలన్నీ ఆడించండి. కుడిచేయి కట్టేస్తే ఎడమచేయి వస్తుందని ఎవరో చెప్పారని గుడ్డతో కట్టేసేవాళ్లున్నారు, అది వద్దు. మంచి చేతికి కొంతసేపు తొడుగు వేసి రెండో చేత్తో ఆడించే పద్ధతి నిజంగానే ఉంది, ఫలితం కూడా ఉంటుంది. కానీ ఎంతసేపు, ఏ ఆటతో అన్నది థెరపిస్టు లెక్క కట్టి చేయించాలి. కూర్చోబెట్టి తిప్పే ప్లాస్టిక్ వాకర్ ఇంట్లో ఉంటే తీసేయండి, మునివేళ్ల మీద తొక్కడం అలవాటవుతుంది. దానికి బదులు మన పాత మూడు చక్రాల చెక్క నడకబండి మేలు. పట్టుకుని నిలబడటం వచ్చాక అది తోయాలంటే రెండు చేతులూ పట్టాల్సిందే.

ఎక్కడికి వెళ్లాలంటే, చిత్తూరు ప్రభుత్వాస్పత్రి పిల్లల విభాగంలో మొదలుపెట్టండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు వచ్చే బృందం ఉంటుంది, మీ అంగన్‌వాడీ టీచరు ద్వారా వాళ్లతో చీటీ రాయించుకుంటే డీఈఐసీ అనే జిల్లా కేంద్రానికి పంపుతారు. అక్కడ పిల్లల డాక్టరు, ఫిజియోథెరపీ, వినికిడి, మాట పరీక్షలు ఒకేచోట ఉండాలని ఆ ఏర్పాటు. తిరుపతిలో రుయా ఆస్పత్రి పిల్లల విభాగం, నరాల డాక్టరు కావాలంటే స్విమ్స్ ఆస్పత్రి. మీకు చిత్తూరు మీదుగా వేలూరు సీఎంసీ కూడా అందుబాటులోనే ఉంది, అక్కడ పిల్లల ఎదుగుదల విభాగం ప్రత్యేకంగా ఉంది, తల్లికి నేర్పి పంపే పద్ధతి బాగుంటుంది. అయితే వారానికి రెండుమూడుసార్లు చేయాల్సిన థెరపీ కోసం అంత దూరం తిరగడం కుదరదు. అసలు పరీక్ష, ప్రణాళిక పెద్దచోట చేయించుకుని, రోజువారీ పని ఇంటి దగ్గరే పెట్టుకోండి. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం ఉంటే ఫిజియోథెరపిస్టు ఏ రోజుల్లో వస్తారో కనుక్కోండి. స్కాను ఖర్చు ప్రభుత్వ పథకంలో వస్తుందా అన్నది ఆస్పత్రి కౌంటర్‌లో ఆరోగ్యమిత్రను ముందే అడగండి, డబ్బు కట్టాక అడిగితే లాభం లేదు. వికలాంగ ధ్రువపత్రం తొందర పడకండి. దానికి చూసే 40 శాతం వైకల్యం లెక్క ఈ వయసులో తేల్చడం కష్టం, బిడ్డ మారతాడు.

నడుస్తాడా అన్నారు. ఒకవైపే ఇబ్బంది ఉన్న పిల్లలు దాదాపు అందరూ నడుస్తారు, కాస్త ఆలస్యంగా, కొందరికి ఎడమ మడమ నేలకు ఆనకుండా. దానికి బూటులో పెట్టే స్ప్లింట్ ఉంటుంది, పెద్దయ్యాక అవసరమైతే తిరుపతిలో ఎముకల వైద్యానికి బర్డ్ ఆస్పత్రి ఉంది. చదువు చాలామందికి మామూలు బడిలోనే సాగుతుంది. చేయి మాత్రం నడక కన్నా మొండిది, ఎక్కువ పని దానికే.

మేనరికం వల్లేనా, ఇంకో బిడ్డను కనొచ్చా అన్నది మీరు రాయకపోయినా మీ మనసులో ఉంటుంది. నెల తక్కువ, ఆలస్యంగా ఏడుపు, ఒకవైపే ఇబ్బంది, వచ్చినవి పోకుండా మెల్లగా ముందుకే వెళ్లడం, ఈ కథ మేనరికం జబ్బుల కథలా లేదు. ఆ జబ్బుల్లో సాధారణంగా రెండు వైపులా ఉంటుంది, వచ్చిన పనులు పోతుంటాయి, లేదా మీ రెండు కుటుంబాల్లో ఇలాగే పోయిన పిల్లలు ఉంటారు. అలా ఎవరైనా ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. ఎంఆర్ఐలో గాయం మచ్చ కాకుండా వేరే ఏదైనా కనబడితేనే జన్యు పరీక్షల మాట.